శంభుభట్టు ముక్కు పరీక్ష

నీలరేవు పట్నాన్ని ఏలే ఉద్దండవర్మ మహారాజుకు ఒక ఉదయం లేస్తూనే కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తోచక కాసేపు తచ్చాడి, చివరికి గాలి మీద పడ్డాడు.

"ఏమిటీ కంపు?" అని కొలువులో గర్జించాడు. "సముద్రం కనబడాలని ముచ్చటపడి తూర్పున మేడ కట్టించుకున్నాను. కిటికీ తెరిస్తే సముద్రం కంటే ముందు ఎండుచేపల వాసన లోపలికి వస్తోంది! నాకు నిద్ర లేదు!"

నీలరేవు పాత పట్నం. కొండ మీద కోట. కొండ దిగితే వర్తకుల వీధి, ఆ పక్కన కుమ్మరిపేట, సాలెపేట, చిట్టచివర ఇసుకను ఆనుకుని జాలరిపేట. కుమ్మరిపేట ఆవం పొగ సాలెపేట పీల్చేది. సాలెపేట మగ్గాల చప్పుడు వర్తకులు వినేవారు. వర్తకుల ఇళ్ళలో కొట్లాటలు ఊరంతా వినేది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా తరాలు గడిచాయి.

ఇప్పుడు రాజుగారికి ఇబ్బంది వచ్చింది.

వెంటనే వాస్తు పండితుడు శంభుభట్టు లేచాడు. ఆయన నడుస్తుంటే బొజ్జ ముందు వెళ్ళేది, బిరుదులు వెనక వచ్చేవి.

"ప్రభూ! మా ఇంట మూడు తరాలుగా నీచు ముట్టలేదు. నాకే ఆ ఎండు నెత్తళ్ళ కంపు భరించరానిదిగా ఉంది, తమ మాట చెప్పాలా? ఈశాన్యాన నీచు ఉంటే రాజుకు నిద్ర పట్టదు. జాలరిపేటను కొండ అవతలకు తోలించండి. ఆ ఇసుక తిన్నె మీద పుణ్యాత్ములు కాపురం ఉండాలి. ఎవరూ ముందుకు రాకపోతే, పాపం, నేనే కష్టపడి ఒక మేడ కట్టుకుంటాను."

"రేపే ఖాళీ చేయించండి!" అన్నాడు రాజు.

సింహాసనం పక్కన తాంబూలం చుడుతున్న పైడన్న చేతిలోంచి వక్క జారి కింద పడింది. రాజుకు ఆకులు అందించడం, ఆవులింతలొస్తే కబుర్లతో నవ్వించడం అతని కొలువు. అతని అత్తమామలది జాలరిపేటే.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి కబురు అతనికంటే ముందే వచ్చి కూర్చుంది. భార్య చిలకమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కొండ అవతల మా అయ్య పడవ దేని మీద నడుపుతాడు? రాళ్ళ మీదా?"

"రాజాజ్ఞ చిలకా, నేనేం చేసేది?"

"నోరుంది కదా! రోజూ రాజుకి పనికొచ్చే నోరు మా వాళ్ళకి పనికి రాదా? మా వాళ్ళు కొండెక్కితే నువ్వూ ఆ కొండే ఎక్కు. ఈ గుమ్మం తొక్కకు."

పైడన్నకు ముద్ద దిగలేదు. కొలువులో జరిగిందంతా మళ్ళీ మళ్ళీ తలుచుకున్నాడు. నెత్తళ్ళ పేరు రేవు పట్నంలో ఎవరికైనా తెలుస్తుంది, సరే. కానీ ఆ పేరు పలికినప్పుడు భట్టు గుటక వేశాడే!

అప్పుడు ముద్ద దిగింది. ఇంకో రెండు అడిగి పెట్టించుకున్నాడు.

మర్నాడు కొలువులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, పేటను తోలేయడం బాగానే ఉంది. కానీ తమ నిద్ర చెడగొట్టిన దొంగ చేప ఏదో తేలకుండా శిక్ష వేస్తే, అది కొండ అవతల నుంచి కూడా కంపు కొడుతుంది. తేల్చాలంటే భట్టుగారి ముక్కే దిక్కు. అంత పవిత్రమైన ముక్కు ఈ రాజ్యంలో ఇంకోటి లేదు."

శంభుభట్టు ముక్కు ఉబ్బింది. "పరోపకారం కదా, కానివ్వండి" అన్నాడు.

గుడ్డలు కప్పిన మూడు గంపలు వచ్చాయి. భట్టు కళ్ళు మూసుకుని మొదటి గంప మీదికి వంగాడు.

"ఛీ! నెత్తళ్ళు."

రెండో గంప. "శివశివా! రొయ్యపొట్టు."

"ఆహా!" అని పైడన్న చప్పట్లు కొట్టాడు. సభంతా కొట్టింది. మూడో గంప దగ్గర భట్టు ఒకసారి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. మొహం చిట్లించాడు.

"ఆలోచన దేనికి స్వామీ?" అన్నాడు పైడన్న. "అది మా మామ ఎండబెట్టిన ఉప్పుచేప. ఈ రేవులో ఇంతకంటే మేలైనది లేదు. అయినా తమకు ఆ సంగతులు తెలియవులెండి."

"నాకా తెలియంది?" భట్టు భగ్గుమన్నాడు. "మేలైనదట! ఉప్పు సరిగ్గా పట్టలేదు, ఎండ చాలలేదు. దీన్ని వంకాయతో పెడితే పులుసు మొత్తం పాడైపోతుంది!"

సభలో తలలన్నీ భట్టు వైపు తిరిగాయి. పైడన్న మరింత వినయంగా వంగాడు.

"అలా పాడైన పులుసు పారబోస్తారా స్వామీ?"

"పారబోయడానికి మనసెలా వస్తుంది? కాస్త చింతపండు ఎక్కువ పిండి..."

భట్టు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అప్పటికే సభ పగలబడి నవ్వుతోంది. మంత్రిగారు స్తంభం పట్టుకుని నవ్వారు.

రాజు మాత్రం నవ్వలేదు. గంప వైపు చూస్తూ నెమ్మదిగా అడిగాడు.

"వంకాయతోనా భట్టూ? మామిడికాయతో కాదూ?"

రాజు తల దించుకున్నాడు.

"మన ఆస్థాన వైద్యుడు పథ్యం పెట్టి నా చేత చేప మాన్పించాడు. చప్పిడి కూడు తిని పడుకుంటే కిటికీలోంచి ఆ వాసన! ఆకలితో నకనకలాడుతుంటే నిద్ర ఎక్కడ పడుతుందిరా పైడన్నా?"

పైడన్న తాంబూలం పళ్ళెం కింద పెట్టి దండం పెట్టాడు.

"అయితే ప్రభూ, ఊరు దాటించాల్సింది జాలరిపేటను కాదు, ఆ పథ్యాన్ని!"

రాజు సింహాసనం మీద వెనక్కి వాలి, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వాడు. పేట ఎక్కడున్నది అక్కడే ఉండాలని ఆజ్ఞ వేశాడు. మెడలోని ముత్యాల హారం తీసి పైడన్న మెడలో వేశాడు.

"ఈ పూట నా భోజనం మీ మామగారింట్లో. నువ్వు నా పల్లకీలో ముందు వెళ్ళి పొయ్యి వెలిగించమని చెప్పు!"

పైడన్న మహారాజులా పల్లకీలో కూర్చున్నాడు. బోయీలు ఎత్తబోతుంటే పక్కనుంచి తెర కొంచెం తొలిగింది. ముందు ఒక బొజ్జ, దాని వెనక శంభుభట్టు మొహం కనబడ్డాయి.

"పైడన్నా," అన్నాడు గుసగుసగా, "కాస్త జరుగు."