ఒట్టికనుమ పంపకం

ఇప్పలకోన అనే అడవిలో ఏనుగులు, జింకలు, ముళ్ళపందులు, నీటికుక్కలు, గిజిగాళ్ళు, చెవులపిల్లులు కలిసి ఉండేవి. కలిసి ఉండేవి అన్నానని హాయిగా ఉండేవనుకోకండి పిల్లలూ. వానలు మొహం చాటేసిన ఏడు అది. తెల్లారి లేస్తే మేత కోసం, నీడ కోసం, జానెడు నేల కోసం ఒకటే కొట్లాట.

విసిగిపోయి ఏనుగు పెద్దమ్మ అందరినీ వాగు ఒడ్డున కూర్చోబెట్టింది. "ఏ నేల దేనికి వాడుకోవాలో తేల్చడానికి ఒక సంఘం వేద్దాం. పని తెలిసినవాళ్ళే అందులో ఉండాలి," అంది.

మాట బాగానే ఉంది. గూళ్ళు అల్లేవాడు కదా, కట్టుబడి తెలుసని గిజిగాడికి ఒక చోటు ఇచ్చారు. నీళ్ళ సంగతి తెలుసని నీటికుక్కకు ఒకటి ఇచ్చారు. నేల తవ్వడంలో సూదయ్య అనే ముళ్ళపందిని మించినవాడు లేడు. అతనికీ ఒక చోటు దక్కింది. పెద్ద పెద్ద మానులు లాగే ఏనుగు పెద్దమ్మే సంఘానికి పెద్ద.

ఆ రోజు సూదయ్య ఇంటికొచ్చిన తీరు చూడాలి! ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని, గలగలమని చప్పుడు చేసుకుంటూ వచ్చాడు.

"ఈరమ్మా, నన్ను సంఘంలో వేశారే!" అన్నాడు పెళ్ళాంతో.

ఈరమ్మ నిండు చూలాలు. "మంచిదేగా. పుట్టబోయే బిడ్డకి కాస్త మెత్తటి నేల చూడయ్యా. ఈ బొరియ నిండా రాళ్ళే," అంది. ఆ మాట సూదయ్య మనసులో పడిపోయింది.

సంఘంలో ఇంకొక చోటు మిగిలింది. దాని కోసం చెంగమ్మ అనే చెవులపిల్లి వచ్చి నిలబడింది.

"నువ్వు చేసే పనేమిటమ్మా?" అని అడిగింది ఏనుగు పెద్దమ్మ.

"పారిపోవడం," అంది చెంగమ్మ.

గిజిగాడు కొమ్మ మీంచి పడిపోయేలా నవ్వాడు. సూదయ్య ముళ్ళు ఆడించి, "అదీ ఒక పనేనా? పోయి గడ్డి మేసుకో తల్లీ," అన్నాడు.

"నాకు నీలాగా ముళ్ళు లేవు మామా. రెక్కలూ లేవు, ఏనుగంత ఒళ్ళూ లేదు. ఎటు పోవాలో తెలిసి ఉండడమే నా బతుకు. జింకలదీ అంతే," అంది చెంగమ్మ.

వినే ఓపిక ఎవరికుంది? పని తెలిసినవాళ్ళు దొరికినప్పుడు చూద్దామని ఆ చోటు ఖాళీగా వదిలేశారు.

ఇక ఒట్టికనుమ సంగతి చెబుతాను. కోనకు తూర్పున రెండు నిటారు కొండలున్నాయి. వాటి మధ్య ఇరుకైన దారి. అక్కడ చెట్టు లేదు, గడ్డి లేదు. అందుకే దానికి ఆ పేరు. ఒక రోజు సంఘం దాన్ని చూడటానికి వెళ్ళింది.

సంఘానికి ఒక పద్ధతి ఉండేది. ఏ నేల చూసినా, అది తన పనికి పనికొస్తుందో రాదో ఎవరికి వారు చెప్పాలి. పక్కవాడి పనిలో వేలు పెట్టకూడదు.

సూదయ్య కాలితో మట్టి గీకి చూశాడు. ఈరమ్మ గుర్తొచ్చింది. "అవతలి కొసన బండ ఉంది గానీ, మిగతాదంతా వెన్నలాంటి మట్టి. బొరియలకు ఇంతకన్నా మంచి చోటు లేదు," అన్నాడు.

"పెద్దమ్మ కంప లాక్కొచ్చి పడేస్తే అవతలి కొసన కంచె అల్లేస్తాను. రేచుకుక్కలు కాదు కదా, గాలి కూడా దూరదు," అన్నాడు గిజిగాడు.

"ఇక్కడ నీళ్ళు లేవు. నాకు దీనితో పనిలేదు," అని నీటికుక్క ఆవులించింది.

"అయితే ఇన్నాళ్ళూ ఇది దేనికీ పనికిరాకుండా పడి ఉందన్నమాట," అని తేల్చేసింది ఏనుగు పెద్దమ్మ. అక్కడి దుమ్ములో గిట్టల గుర్తులు బోలెడున్నాయి. అవి ఎవరివని ఒక్కరూ అడగలేదు.

సంగతి తెలిసి చెంగమ్మ రొప్పుకుంటూ వచ్చింది. "అది ఉత్త నేల కాదు పెద్దమ్మా! ఎండాకాలం అడవి అంటుకుంటే మేమంతా బయటపడేది అటునుంచే!"

"నిప్పొస్తే బొరియలో దూరండి. కావాలంటే మీకూ తవ్విపెడతాను," అన్నాడు సూదయ్య.

"మరి పొగొస్తే?"

బదులు దొరకనివాళ్ళందరికీ వచ్చేదే సూదయ్యకీ వచ్చింది. కోపం! "సంఘంలో లేనివాళ్ళు ఇక్కడ మాట్లాడకూడదు," అని గద్దించాడు.

కంచె లేచింది. ముళ్ళపందులు తవ్విన బొరియలతో కనుమంతా జల్లెడలా తయారైంది. కొత్త బొరియలో ఈరమ్మ ఆడపిల్లను కన్నది. ముళ్ళపంది పిల్లకు పుట్టినప్పుడు ముళ్ళు గడ్డిపోచల్లా మెత్తగా ఉంటాయి. సూదయ్య వాటిని ముక్కుతో నిమిరి, "చూశావా, ఎంత మంచి నేల తెచ్చానో," అని మురిసిపోయాడు.

కొన్నాళ్ళకు కంచె అడుగున అతనికి ఒక కంత కనబడింది. ముళ్ళపంది కూడా దూరిపోయేంత పెద్దది. కొరికింది ఎవరో వేరే చెప్పాలా? "మా కష్టమంతా పాడుచేస్తావా?" అని సూదయ్య చెంగమ్మ మీద విరుచుకుపడ్డాడు. గిజిగాణ్ణి పిలిపించి, కంతను ముందుకన్నా బిగువుగా అల్లించేశాడు. చెంగమ్మ మర్నాటి నుంచి అక్కడే మళ్ళీ కొరకడం మొదలుపెట్టింది.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం వాగు అవతలి ఒడ్డున సంఘం కూర్చుని ఉండగా పడమటి గాలి లేచింది. గాలి వెంట పొగ వచ్చింది, పొగ వెనకే మంట వచ్చింది. ఎండిన ఆకుల మీద అది తూర్పుకు పరుగెత్తుతుంటే, ఏనుగు పెద్దమ్మ వాగులో నిలబడి ఘీంకరించడం తప్ప ఏమీ చేయలేకపోయింది. గిజిగాడు పైకెగిరిపోయాడు. నీటికుక్క మునిగింది. సూదయ్య ఇంటివైపు ఉరికాడు. కానీ ఇంటికీ అతనికీ మధ్య అడవంతా మండుతోంది.

నేల చల్లారాక గానీ అతను కనుమలో కాలుపెట్టలేకపోయాడు. అలవాటైన దారిన పరుగెత్తుకొచ్చిన జింకలు బొరియల్లో కాళ్ళు విరిగి, పడినచోటే పడి ఉన్నాయి. అవి తన చేతులతో తవ్విన బొరియలే. సూదయ్య వాటి మధ్య నుంచి ఏడుస్తూ నడిచాడు. ఇల్లు ఖాళీగా ఉంది. పొగకు ఆగలేక ఈరమ్మ బయటికొచ్చేసింది.

ఆమె కంచె దగ్గర కనబడింది. తల, భుజాలు కంతలో ఉన్నాయి. వీపు మీది ముళ్ళు కంపలో చిక్కుకున్నాయి. ఊపిరి లేదు.

కంచె అవతల చెంగమ్మ కూర్చుని ఉంది. ఆమె మూతి నిండా నెత్తురు. ఒళ్ళో ముళ్ళపంది పిల్ల ఉంది, బతికే ఉంది.

"ముందు బిడ్డను తోసింది మామా. దాని ముళ్ళు ఇంకా మెత్తనే కదా, జారి వచ్చేసింది. తర్వాత తనూ దూరింది. పట్టలేదు. కింద బండ, తవ్వుకోవడానికీ లేదు. నా పళ్ళు ఊడేదాకా కొరికాను," అంది చెంగమ్మ.

సూదయ్య ఈరమ్మ ముళ్ళను ఒక్కొక్కటిగా కంపలోంచి విడదీశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "నేను మూయించిన కంత ఉండి ఉంటే... ఈరమ్మకు పట్టేదా?"

చెంగమ్మకు అబద్ధం చెప్పాలనిపించింది. కానీ చెప్పలేదు.

"పట్టేది మామా," అంది.

సంఘం మళ్ళీ కూర్చుంది. కంచె పీకేయాలని ఎవరూ నోరు తెరిచి అననక్కర్లేదు, దాన్ని ఆ రోజే సూదయ్య పీకిపారేశాడు. ఖాళీ చోట్లో చెంగమ్మను కూర్చోబెట్టారు. చేసే పనేమిటని ఈసారి ఆమెను ఎవరూ అడగలేదు. ఏ నేల దగ్గరికెళ్ళినా, ఇప్పుడు ముందు నోరు తెరిచేది ఆమే. "ఇక్కడి నుంచి బయటపడే దారేది?" అని అడుగుతుంది. అది తేలాకే మిగతా మాటలు.

సూదయ్య తన చోటు వదులుకున్నాడు. ఒంటరిగా ఒట్టికనుమకు వెళ్ళి, తవ్వినవన్నీ పూడ్చడం మొదలుపెట్టాడు. ఈరమ్మ కోసం తవ్విన బొరియలోనే ఈరమ్మను పెట్టి, దాన్నీ పూడ్చాడు.

బిడ్డ పెరుగుతోంది. ఒక రోజు దాని ముళ్ళు గట్టిపడి గలగలమన్నాయి. "నాన్నా, చూడు!" అని అది ఎగిరింది. సూదయ్య చూశాడు. మొహం తిప్పుకుని, మళ్ళీ మట్టి తోయసాగాడు.

నీతి: నేలను పంచేవాళ్ళు, దాని మీద నడిచేవాళ్ళ మాట ముందు వినాలి. వాళ్ళకు దారి లేకుండా చేస్తే, తమ ఇంటివాళ్ళకూ దారి మిగలదు.