చచ్చిన బర్రె మీద తీర్పు

గుట్టల నడుమ ఒక మడుగు ఉండేది. ఎండాకాలంలో బర్రెల ఒళ్ళు పగలకుండా కాపాడేది ఆ బురదే. ముసలి బర్రె కొమురవ్వా, దాని తల్లీ అందులోనే పొర్లి పెరిగాయి. ఒక ఏడు నక్క వచ్చి మడుగు చుట్టూ ముళ్ళకంప వేసి, ఇది నాది అంది. బర్రెలు తొక్కితే ఎండ్రకాయలు కలుగుల్లోకి పోతున్నాయట, దాని తిండికి అడ్డమట. అంతకు మించి దానికి హక్కూ లేదు, సిగ్గూ లేదు.

కొమురవ్వ ఏనుగు దొర కోర్టులో వ్యాజ్యం వేసింది. అక్కడ కాకి బంట్రోతు. చింతకొమ్మ మీద నుంచి పేరు పిలుస్తుంది, ఆ పేరుగలవాళ్ళు "హాజరు" అనాలి. కొమురవ్వ ప్రతిసారీ కుంటుకుంటూ వచ్చి హాజరు అనేది. నక్క ప్రతిసారీ వాయిదా అడిగేది. ఒకసారి కడుపునొప్పి, ఇంకోసారి మేనత్త పెళ్ళి. ఏనుగు దొర చెవులు ఊపి సరే అనేవాడు. ఆ చెవుల ఊపు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

అట్లా వాయిదాల నడుమే కొమురవ్వ చచ్చిపోయింది. ఒళ్ళంతా పగిలి, నీళ్ళు కళ్ళ ముందే కనిపిస్తుండగా, ముళ్ళకంప పక్కన పడి చచ్చిపోయింది.

నక్క పరామర్శకు పోయింది. కొమురవ్వ కూతురు లచ్చవ్వ, తన పాలుతాగే దుడ్డెను పక్కన పెట్టుకుని ఏడుస్తోంది.

"ఏం చేస్తం బిడ్డా, మీ అమ్మతోనే వ్యాజ్యం కూడ పోయింది," అంది నక్క.

"అమ్మ పోతే వ్యాజ్యమెట్ల పోతది? మడుగు ఆడనే ఉన్నది కద."

"వేసినోళ్ళే లేకుంటే ఇంకేం వ్యాజ్యం. మైలల ఉన్నోళ్ళు కోర్టుకు రావద్దు కూడ. నువ్వు ఇంటిపట్టున ఉండు. దొరకు నేను చెప్త."

లచ్చవ్వ నమ్మింది. ఏడుస్తున్నవాళ్ళను మోసం చేయడం తేలిక, అందుకే నక్క ఆ రోజును ఎంచుకుంది. పోతూ పోతూ, లచ్చవ్వ దూరం నుంచి చూస్తుండగానే, శవం దగ్గర ఆగి కడుపు కూడా నింపుకుంది. కాకి అప్పటికే అక్కడ ఉంది.

నిజానికి అడవి కట్టుబాటు వేరు. వ్యాజ్యం వేసినవాళ్ళు చనిపోతే, తొలకరి పడేలోగా వారసులు వచ్చి ఆ చోట నిలబడవచ్చు. తొలకరి దాటితేనే వ్యాజ్యం పోతుంది. నక్క నోరు మూసుకుని వాన దాకా కూర్చుంటే సరిపోయేది. అంత ఓపిక దానికెక్కడిది?

తర్వాతి వాయిదాకు కాకి కొమ్మ మీద నుంచి పిలిచింది. "కొమురవ్వా... కొమురవ్వా..." పలికేవాళ్ళు లేరు.

"రాదు దొరా," అంది నక్క. "తనది దొంగ వ్యాజ్యమని తనకే తెలుసు. ఇంట్ల హాయిగ పండుకున్నది."

ఏనుగు దొర చెవులు ఊపాడు. మడుగు నక్కదేనని తీర్పు వచ్చింది.

కాకి ఆ తీర్పును గుట్టలన్నీ తిరిగి చాటింది. విన్న లచ్చవ్వకు ఏడుపు ఆగిపోయింది. పోయిన వ్యాజ్యానికి తీర్పెట్లా వచ్చింది? దుడ్డెను వెంటేసుకుని తిన్నగా కోర్టుకు నడిచింది. ఆకాశం నిండా మబ్బులున్నాయి, చినుకు మాత్రం ఇంకా పడలేదు.

"దొరా, తీర్పు ఎవరి మీద ఇచ్చినవు?"

"మీ అమ్మ మీద. పిలిస్తే రాలేదు."

"ఎట్ల వస్తది? చచ్చిపోయింది."

నక్క కళ్ళు తుడుచుకుంది. "అయ్యో, ఎప్పుడు? తీర్పు విని గుండె పగిలినట్టుంది. అప్పటిదాక బతికే ఉండె దొరా."

"బతికే ఉండెనా?" లచ్చవ్వ కొమ్ములు వంచింది. "తీర్పుకు ముందే కంప కాడ మా అమ్మ తొడ పీక్కతిన్నది నువ్వే. నీ మూతికి నెత్తురు నా కండ్లతోని చూసిన. అంటే బతికున్నదాన్ని తిన్నవన్నట్టు. దొరా, వ్యాజ్యం నడుస్తుంటే ఎదుటోళ్ళను చంపినోనికి ఏం శిక్ష?"

"నా కాలి కింద పడటమే," అన్నాడు ఏనుగు దొర. ముందుకాలు లేచింది.

నక్క నేలకు అంటుకుపోయింది. "నేను చంపలే దొరా. చచ్చినంకనే తిన్న. తీర్పుకు ఎంతో ముందే చచ్చింది. కావాలంటే కాకిని అడుగున్రి, అది గూడ నాతోనే తిన్నది."

అందరూ చింతకొమ్మ వైపు చూశారు. కాకి తల దించుకుంది.

"మా అమ్మ కండ్లు పొడిచిన నోటితోనే మా అమ్మ పేరు పిలిచినవా?" అని అడిగింది లచ్చవ్వ.

ఏనుగు దొర కాలు దించాడు. "చచ్చినదాని మీద ఇచ్చింది తీర్పు కాదు. కొట్టేస్తున్నా. తొలకరి ఇంకా పడలేదు, వారసురాలు వచ్చి నిలబడవచ్చు. నక్కా, ఆ మడుగు మీద నీ హక్కేమిటో చెప్పు."

"ఒక్క వాయిదా దొరా. మా మేనత్త..."

"మా అమ్మ చచ్చేదాక వాయిదాలిచ్చినవు దొరా," అంది లచ్చవ్వ. "నేను చచ్చేదాక గూడ ఇస్తవా?"

ఏనుగు దొర చెవులు ఊగలేదు. పిలువు, అన్నాడు కాకితో. కాకి అలవాటు కొద్దీ, "కొమురవ్వా," అని పిలిచింది.

"హాజరు," అంది లచ్చవ్వ.

ఆ పూటే మడుగు బర్రెలదని తేలింది. తొలకరి కురిసేసరికి ముళ్ళకంప లేదు, దుడ్డె మెడలోతు బురదలో ఉంది. కొమురవ్వ ఉన్నప్పుడే ఆ తీర్పు ఇచ్చి ఉండాల్సింది. ఆ మాట ఏనుగు దొరకు ఎవరూ చెప్పలేదు, నేను చెబుతున్నాను.

నీతి: ఎదుటివాళ్ళు ఎప్పుడు చస్తారా అని కాచుకు కూర్చునేవాడు, వాళ్ళ చోట వచ్చి నిలబడేవాళ్ళు ఉంటారని మరిచిపోకూడదు.