బల్ల మీద మునిగిపోతున్న బోటు

ఎల్లాజీ ఇంట్లో, బల్ల మీద, ఒక బోటు మునిగిపోతోంది.

మునగడానికి నీళ్ళుండాలి కదా, బల్ల మీద మునగడమేమిటి అంటారేమో. ఎల్లాజీ కూడా మొదట అలాగే అనుకున్నాడు. పొద్దున్నే లేచి చూస్తే బోటు అడుగున ఎర్రరంగు మీద సన్నటి తడిగీత కనిపించింది. ముందు నుంచి వెనక దాకా, ఎవరో స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. పిల్లి ఏ చెంబో దొర్లించి ఉంటుందిలే అని తుడిచేసి పనికి పోయాడు.

మర్నాడు ఆ గీత ఇంకాస్త పైన కనిపించింది. చెంబు చెంబులాగే ఉంది. పిల్లి వీధిలో ఉంది.

ఆ బోటు సంగతి కొంచెం చెప్పాలి. అది పిల్లలాడుకునే బొమ్మ కాదు. ఒక పెట్టెలో ముక్కలు ముక్కలుగా వస్తుంది. ప్రతి ముక్కకీ ఒక నంబరు, ఏది ఎక్కడ అతకాలో చెప్పే పటం ఒకటి. నిజం బోటుని మూరెడు పొడుగుకి కుదిస్తే ఎలా ఉంటుందో అలా కట్టుకోవాలి. ఎల్లాజీ హార్బరులో డీజిలు ఇంజన్లు బాగుచేస్తాడు, చేతిలో ఓపికుంది. పెట్టె మీద ఉన్నది ఎక్కడో మంచుదేశపు చేపల బోటు. అతనికి అది అక్కర్లేదు. అన్న పోలరాజు బోటు కావాలి.

పోలరాజు బోటు ఆశ్వయుజంలో పట్టిన వాయుగుండంలో పోయింది. 'పోయింది' అని ఊరంటుంది. 'రాలేదు' అని ఎల్లాజీ అంటాడు.

వెతకడానికి వెళ్ళిన బోట్లు ఖాళీగా తిరిగొచ్చిన రోజున వీధి ఆడవాళ్ళంతా ఎల్లాజీ ఇంటి గుమ్మం ముందుకి వచ్చారు. వదిన కాసులమ్మ అప్పుడే నోరు తెరిచింది. గొంతులోంచి సగం కేక వచ్చింది కూడా. ఎల్లాజీ గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"శవాన్ని సూపించి ఏడవండి!" అని అరిచాడు. "మా అన్నొస్తాడు. ఈ ఇంట్లో ఎవులైనా ఏడిసినారంటే నాను ఊరుకోను. వదినా, నీక్కూడా సెప్తున్నాను."

కాసులమ్మ తెరిచిన నోరు మూసుకుంది. ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని వెళ్ళిపోయారు.

పోలరాజుతో బోటెక్కిన మిగతా కలాసీల ఇళ్ళలో దినాలు చేశారు, భోజనాలు పెట్టారు. ఎల్లాజీ ఒక్కదానికీ వెళ్ళలేదు. వదినని వెళ్ళనివ్వలేదు. ఆవిడ బొట్టు పెట్టుకుంటోంది, గాజులు వేసుకుంటోంది, వండుతోంది, అన్న కంచం కడిగి బోర్లిస్తోంది. ఏడవలేదు. ఒక్క చుక్క కూడా. మొండి మనిషి కాదు పాపం, ఎల్లాజీ మాటంటే ఆవిడకి ప్రాణం. ఆవిడ కాపరానికి వచ్చేనాటికి వీడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. తల్లి లేని పిల్లాడని ముద్దలు కలిపి పెట్టి పెంచింది. ఇప్పటికీ 'అబ్బాయ్' అనే పిలుస్తుంది.

అలాంటి మనిషి ఎదురుగా కూర్చుని ఎల్లాజీ బోటు కట్టాడు. పెట్టెలో వచ్చిన గొలుసు తీసేసి నైలాను దారంతో మోకులు పేనాడు. దోమతెర కత్తిరించి వల చేశాడు. కేబిన్ అద్దానికి ఎడమ మూల పగులు ఉండేది, దాన్ని సూదితో గీశాడు. పక్కన వేలాడే పాత టైర్లు, నీళ్ళ డ్రమ్ము, కేబిన్ తలుపుకి వేసిన నీలం రంగు, ఆ రంగు పెచ్చులూడిన చోటు, ఏదీ వదల్లేదు. ఒక్కో ముక్క అతికించి వెనక్కి తిరిగేవాడు.

"ఇది ఇలాగే ఉండేది కదూ వదినా?"

"ఊఁ" అనేది కాసులమ్మ.

అదెంత కర్కశమో వాడికి తెలీదు. ప్రేమే అనుకున్నాడు. ప్రేమే, కాదనను.

కట్టడం పూర్తయిన రోజు ఎల్లాజీ దూరం నుంచి, దగ్గర నుంచి, వంగి, నిలబడి చూసుకున్నాడు. "ఇంక తక్కువేటీ లేదు. అన్నొచ్చి ఇందులోనే ఎక్కి కూకోవచ్చు" అన్నాడు. మీసం ఒకసారి దువ్వుకున్నాడు.

గీత కనిపించింది ఆ మర్నాడే.

ఇంటికప్పు చూశాడు. చినుకు పడని పుష్యమాసం. బల్ల మార్చాడు. బోటుని ఎండలో పెట్టాడు. అటక మీద పెట్టాడు. ఎక్కడ పెట్టినా మర్నాటికి గీత దాని దారిన అది పైకి వస్తూనే ఉంది. ఒక ఆదివారం పనికి పోకుండా ఎదురుగా కూర్చుని కన్నార్పకుండా చూశాడు. గీత కదల్లేదు. బీడీ వెలిగించుకోవడానికి తల తిప్పి మళ్ళీ చూసేసరికి ఎర్రరంగు పైనున్న తెల్లచారని తాకి ఉంది.

అప్పటి నుంచీ తుడవడమే పని. లుంగీ ముక్కతో గబగబా తుడవడం, ఆ గుడ్డని తాకడానికి భయపడి కాలితో మూలకి తోసేయడం. గదిలో డీజిలు వాసన వేస్తోంది. ఐసులో నిలవున్న చేప వాసన వేస్తోంది. బోటు కొద్దిగా ఎడమ పక్కకి ఒరిగింది. దాని కింద పెట్టిన పీట సరిచేసినా మళ్ళీ ఒరిగింది.

ఎల్లాజీకి ఒక గురువున్నాడు. హార్బరు పక్క గుట్ట మీద చిన్న దర్గా ఉంటే దాన్ని చూసుకునే మదారు బాబా. వేటకి పోయే వాళ్ళంతా, ఏ దేవుడికి మొక్కే వాళ్ళైనా, ఆయన దగ్గర ఒక అగరొత్తి వెలిగించి పోతారు. ఎల్లాజీ చిన్నప్పటి నుంచీ అక్కడికి వెళ్ళి ఆయన పక్కన ఊరికే కూర్చుంటాడు. ఆయన నేర్పేది అదే, ఊరికే కూర్చోవడం. అదేం చదువని నవ్వే వాళ్ళు నవ్వుతారు. ఒకసారి కూర్చుని చూస్తే తెలుస్తుంది ఎంత కష్టమో.

వాయుగుండం తర్వాత ఎల్లాజీ అటువైపు వెళ్ళలేదు. ఇప్పుడు, మంచు విడవని పొద్దున్నే, రొప్పుతూ గుట్టెక్కాడు. బాబా దుప్పటి కప్పుకుని వాకిలి ఊడుస్తున్నాడు.

"బాబా, బోటు ములిగిపోతంది."

"ఏ బోటు?"

"నాను కట్టింది. బల్ల మీద."

బాబా చీపురు ఆపాడు. నవ్వలేదు. అందరూ నవ్వుతారని సిద్ధపడి వచ్చిన ఎల్లాజీ ఆయన నవ్వకపోయేసరికి మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"మరి నువ్వేం చేస్తున్నావు?"

"తుడుస్తన్నాను. లేవగానే తుడుస్తన్నాను, పనికెల్లి మజ్జిలో వొచ్చి తుడుస్తన్నాను. తుడిసిన కాడికి మళ్ళీ వొచ్చేస్తంది బాబా. నిన్న అంచు దాకా వొచ్చీసింది. అంచు దాటిందంటే..."

"దాటితే?"

"మా అన్న అందులో ఉన్నాడు!"

అనేశాక తనే ఉలిక్కిపడ్డాడు. పెట్టెలో బొమ్మ మనుషులు కూడా వచ్చారు. వాళ్ళని ఎల్లాజీ బోటులో పెట్టనే లేదు. ఇంకా సంచిలోనే ఉన్నారు.

"మీరొచ్చి తాయెత్తు కట్టండి బాబా. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"తాయెత్తు బోటుకా, నీకా?"

"దేనికో దానికి. ములక్కుండా ఉంటే సాలు."

బాబా చీపురు గోడకి ఆనించాడు. మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ ఎల్లాజీ వెనకాలే నడిచాడు.

ఇంటికి వచ్చేసరికి కాసులమ్మ పొయ్యి దగ్గరుంది. బాబాని చూసి లేచి, తల మీదికి కొంగు లాక్కుని, గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. ఎల్లాజీ బోటు కట్టడం పూర్తిచేసిన దగ్గర్నుంచీ ఆవిడ ఆ గదిలో అడుగు పెట్టడం లేదు.

బాబా బల్ల ముందు వంగాడు. చాలాసేపు చూశాడు. టైర్లు చూశాడు, మోకులు చూశాడు, అద్దం మీద పగులు చూశాడు.

"పోలరాజు బోటే" అన్నాడు. "భలే కట్టావురా నాయనా."

మాట బయటికి రాగానే గదిలో చప్పుడు. చిన్నదే. ఇంజను ఆపేసిన బోటు పక్కలకి నీళ్ళు తట్టుకుంటే వస్తుందే, ఆ చప్పుడు. ఎల్లాజీ హార్బరులో పుట్టి పెరిగినవాడు, ఆ చప్పుడు వాడికి ఒకరు చెప్పాలా? బోటు ఇంకొంచెం ఎడమకి ఒరిగింది. తడిగీత వాళ్ళ కళ్ళ ముందే అంచుకి చేరింది. మరి దాచుకోవడం ఎందుకన్నట్టు నింపాదిగా ఎక్కుతోంది.

"అన్నా!" అని ఎల్లాజీ గుడ్డ తీసుకుని మీదపడ్డాడు.

బాబా వాడి మణికట్టు పట్టుకున్నాడు. ముసలి చెయ్యి, అయినా వదలలేదు.

"ఈసారి నేను తుడుస్తాను. ఆ గుడ్డ ఇలా ఇయ్యి."

ఆయన తుడిచిన తీరు వేరు. తొందర లేదు. జ్వరం వచ్చిన పిల్లాడికి ఒళ్ళు తుడిచినట్టు ముందు నుంచి వెనక దాకా మెల్లగా తుడిచాడు. తర్వాత ఆ గుడ్డని తన దోసిట్లోకి పిండాడు. ఆ గుడ్డ ముక్క పట్టే నీళ్ళెన్ని! దోసిలి నిండింది. ఇంకా కారుతూనే ఉంది.

బాబా వంగి, పెదవులు తడుపుకున్నాడు.

"ఉప్పగానే ఉన్నాయి."

"నాను సెప్పలేదేటి బాబా? సముద్రమే. అన్న కోసం వొచ్చీసింది."

"చెయ్యి పట్టు."

ఎల్లాజీ వెనక్కి జరిగాడు.

"పట్టమంటున్నానా! ఇన్నాళ్ళూ తుడిచావు, ఒక్కసారైనా ముట్టుకున్నావా?"

గురువు మాట. పట్టక తప్పలేదు. బాబా తన దోసిట్లో నీళ్ళు వాడి దోసిట్లోకి ఒంపాడు. కళ్ళు గట్టిగా మూసుకున్న ఎల్లాజీ ఒక్క క్షణానికి తెరిచాడు.

బయట మంచు ఇంకా విడవలేదు. ఇనప రేకు ముట్టుకుంటే జివ్వుమనే చలి. ఆ పొద్దున్న ఆ ఇంట్లో కుండలో నీళ్ళు కూడా పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి. వీడి చేతిలో నీళ్ళు మాత్రం వెచ్చగా ఉన్నాయి. ఒంటి వెచ్చదనం. అప్పుడే మనిషిలోంచి వచ్చినట్టు.

"సముద్రం ఒడ్డున పుట్టినవాడివి" అన్నాడు బాబా. "పుష్యమాసంలో మన సముద్రం ఇంత వెచ్చగా ఉంటుందా నాయనా?"

ఎల్లాజీ దోసిలి వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తల తిప్పి గుమ్మం వైపు చూశాడు.

కాసులమ్మ అక్కడే ఉంది. గుమ్మాన్ని పట్టుకున్న వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. కళ్ళు ఎర్రగా, పొడిగా, ఇసుక పడ్డ కళ్ళలా ఉన్నాయి. ఆ కళ్ళని వాడు ఆశ్వయుజం నుంచీ ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు. చూసుంటే అంత ఓపిగ్గా బోటు కట్టగలిగేవాడు కాదేమో.

వాడి వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. పట్టుకోవడానికి చూడలేదు.

"వదినా" అన్నాడు.

ఆవిడకి ఆ ఒక్క మాట చాలిందో, చాలలేదో. గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేసింది. మాష్టారి అనుమతి కోసం నిలబడ్డ చిన్నపిల్లలా, భయంభయంగా వాడి మొహంలోకి చూసింది.

"ఏడవొచ్చా అబ్బాయ్?" అంది.

ఎల్లాజీ నోరు తెరిచాడు. ఊఁ అందామనుకున్నాడు. లోపలి నుంచి వచ్చింది ఊఁ కాదు. పెద్ద కేక. నేల మీద కూలబడిపోయాడు. కాసులమ్మ పరిగెత్తుకొచ్చి వాడి తలని ఒళ్ళోకి లాక్కుంది. వాణ్ణి ఊరుకోబెట్టబోయి, ఊరుకోబెట్టలేక, ఆవిడ కూడా గొంతెత్తి ఏడ్చింది. వీధిలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని పరిగెత్తుకొస్తున్నారు. ఈసారి గుమ్మంలో ఎవరూ అడ్డం నిలబడలేదు.

మదారు బాబా లుంగీ ముక్కని విదిలించి దండెం మీద ఆరేశాడు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా గుట్ట వైపు నడిచాడు.

బల్ల మీద బోటు ఏమైందో ఆ గదిలో ఎవరూ చూడలేదు.