చెట్టు నీది, కొంగ మాది

గవిసిద్ధయ్య స్వామిని ప్రశ్న అడగడమంటే ఎండలో నడవడానికి ఒప్పుకోవడమే. ఆయన కూర్చున్నచోట జవాబు చెప్పడు. చెప్పులేసుకొని, నల్లగొడుగు చంకన పెట్టుకొని బయల్దేరతాడు. అడిగినవాడు వెనకాలే పోవాలి. దారిలో ఏదైనా జరిగితే అదే జవాబు. జరగకపోతే ఆ రోజుకు లేదు. లేని రోజులే ఎక్కువ కాబట్టి ఆయన దగ్గర శిష్యులు నిలవరని కొండ్లవంక ఊళ్లో చెప్పుకునేవాళ్లు. నిలిచిన కొద్దిమందిలో చెన్నరాయుడు ఒకడు. భక్తితో నిలిచాడో, మొండితనంతో నిలిచాడో స్వామికే తెలియాలి.

చెన్నరాయుడి పెరట్లో రోడ్డువారన పెద్ద చింతచెట్లున్నాయి. ఏటా మాఘమాసంలో ఎర్రకాళ్ల కొంగలు ఎక్కడినుంచో వచ్చి వాటిమీద గూళ్లు కడతాయి. ఆ ఊళ్లో వాటిని కొంగలనరు. పురిటికొచ్చిన ఆడబిడ్డలంటారు. అవి వాలిన రోజు చెట్టుగలవాళ్ల ఇల్లాలు మొదలుకు పసుపు రాసి బొట్టు పెడుతుంది. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ చెట్టుమీద కర్ర పడదు. చింతకాయ పండి, ఎండి, పురుగుపట్టి రాలినా సరే, దులిపేవాడు లేడు. తాతల నాటినుంచి ఇదే నడక. ఎవరూ చెప్పి చేయించింది కాదు.

తర్వాత సర్కారు వచ్చింది. రోడ్డుపక్కన బోర్డు పాతింది, చెట్లకూ రోడ్డుకూ నడుమ తీగకంచె లాగింది, మద్దిలేటి అనే వాచరును పెట్టింది. ఆనాటినుంచి చెన్నరాయుడికి కడుపులో మంట. తన ఇంటి ఆడబిడ్డను తాను సాకుతుంటే పక్కింటివాడెవడో తలుపు తోసుకొచ్చి, 'జాగ్రత్త, కొట్టావంటే కేసు' అన్నట్టుంది ఆయనకు. ఆయన అలాంటి మాట మరిచే మనిషి కాదు. దానికితోడు ఆ ఏడు వాన మొహం చాటేసింది. చెరువు అడుగంటింది. మేతచాలక కొంగపిల్లలు గూళ్లలోంచి రాలడం మొదలుపెట్టాయి.

ఆ వైశాఖంలో ఒక పొద్దున చెన్నరాయుడు స్వామి మఠం అరుగు దగ్గర నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సామీ, ఈ కొంగలు ఎవురివో తేల్చు. సర్కారువైతే చెట్లు నేనెందుకు మోయాల? నావైతే నన్ను బెదిరించేకి వాడెవడు? నాకు ఓపిక సచ్చిపాయ. రేప్పొద్దున గొడ్డలోళ్లను రమ్మన్నా. వాళ్ల కొంగల్ని వాళ్ల అడవిలోనే పెట్టుకోనీ."

స్వామి చెప్పులేసుకున్నాడు.

వాళ్లు పోయేసరికి పెరట్లో అప్పటికే రగడ జరుగుతోంది. ఒక కొంగపిల్ల కిందపడింది. కోడిపెట్టంత ఉంది, ఇంకా ఈకలు సరిగా రాలేదు, ముక్కు మాత్రం మూరెడు. సరిగ్గా కంచె కింద పడి, తల రోడ్డువైపూ కాళ్లు పెరడువైపూ పెట్టుకొని రొప్పుతోంది. ఇటుపక్క చెన్నరాయుడి భార్య ఓబుళమ్మ, అటుపక్క ఖాకీ చొక్కాలో మద్దిలేటి.

"ముట్టుకోవద్దమ్మా. వన్యప్రాణి. కేసైతాది."

"అయితే నువ్వే ముట్టుకో నాయనా. నీమీద కాదు గదా కేసు."

"నేనెట్ల ముట్టుకుంటా? పడింది మీ పట్టా జాగాలో. దాంట్లో నేను చెయ్యి పెట్టాలంటే పైనుంచి ఆర్డరు రావాల."

చెన్నరాయుడు ఒక్క అంగలో కంచె దగ్గరికి చేరాడు. "మా జాగానా? తల యాడుందో చూడు! రోడ్డుమీదుంది. రోడ్డు సర్కారుది."

"కాళ్లు నీ పక్కనుండాయి గదన్నా."

"తల ఎటుంటే ప్రాణం అటు గదప్పా! ఆ మాత్రం తెలీకుండా నీకు చొక్కా ఎవురిచ్చిరి?"

"నామీద అరిస్తే ఏమొస్తాది? నాకు చెప్పింది నీకు చెప్తాండా. చెట్టు నీది, కొంగ మాది. చెట్టుమీద ఉన్నంతవరకు. కిందపడినాక ఎవురిదో నాకెవురూ చెప్పలేదు."

"మరి కాయలు?"

"కాయలు నీవే. కొట్టకూడదు, అంతే."

"ఆహా! ఇల్లు నాది, తాళంచెవి నీది. చెరువో?"

"చెరువు వేరే ఆఫీసు. మా సారుకూ వాళ్లకూ మాటల్లేవు."

స్వామి వాళ్లిద్దరి నడుమ గొంతుక్కూర్చొని గొడుగు విప్పి పిల్లకు నీడ పట్టాడు. అవతల కాచుకొని ఉన్న కుక్కమీదికి ఒక మట్టిపెళ్ల విసిరాడు. తల ఎత్తకుండానే అన్నాడు:

"మీ తగువు నేను తీరుస్తా గానీ, ఇది అంతసేపు ఉండేట్టు లేదు. ఇద్దరూ పోయి దీనికి ఏం కావాల్నో అది తీసుకరాండి. ముందొచ్చినోని మాటే ఖాయం."

ఓబుళమ్మ ఏదో అనబోయింది. "నువ్వు నీళ్లు పట్టు తల్లీ" అన్నాడు స్వామి. ఆమె చెంబు తెచ్చి కొనవేలితో చుక్కచుక్కగా ముక్కుమీద విడవసాగింది.

చెన్నరాయుడు బాణంలా కదిలాడు. ఆయన మనసులో గెలుపు అప్పుడే కనబడుతోంది. భూమి నక్ష కావాలి. గీత ఎక్కడుందో అది చూపిస్తే ఇంక నోరెత్తేవాడుండడు. నక్ష చెరువు అవతల అన్న ఇంట్లో ఉంది. భాగాలప్పుడు ఒక ఇంటిదూలం ఎవరిదనే దగ్గర మాటపట్టింపు వచ్చి, ఆ గడప తొక్కనని ఒట్టేసుకున్నాడాయన; అన్నకూతురి పెళ్లికే పోలేదు. ఈ పూట ఒట్టు కూడా పక్కన పెట్టాడు. అడ్డదారిన చెరువుకట్ట మీదుగా పోతుంటే కింద బురదగుంటలో మిగిలిన నీళ్లు తళతళమన్నాయి. చేపపిల్లలు కుప్పగా కొట్టుకుంటున్నాయి. 'చెరువుకు ఎంత గతి పట్టిందిరా' అని తిట్టుకొని అడుగు ఇంకా జోరు చేశాడు. అన్న ఏమీ అడగకుండా నక్ష తీసిచ్చాడు. వదిన మజ్జిగ తాగమంది. తాగలేదు.

తిరిగి వచ్చేసరికి మద్దిలేటి కూడా అప్పుడే సైకిలు దిగుతున్నాడు. వాడి చేతిలో కాగితం ఉంది, కింద గుండ్రంగా ముద్ర ఉంది. పట్టా జాగాలో జరిగేదానికి పట్టాదారుదే బాధ్యతని సారు రాసిచ్చాడట. దానికోసం సారును అన్నం ముందునుంచి లేపినట్టుంది, వాడి మొహంలో ఆ తిట్లు ఇంకా ఆరలేదు.

ఓబుళమ్మ మొగుడి చేతులకేసి చూసింది. వాచరు చేతులకేసి చూసింది. చెంబు కింద పెట్టింది.

"సామీ, ముందు నేనొచ్చినా" అని చెన్నరాయుడు ఆయాసపడుతూ వంగి, చుట్టగా చుట్టిన, పాతబడి పచ్చబారిన నక్షను స్వామి ముందుకు చాచాడు. "దీంట్లో చూడు, మా గీత కంచెకు జానెడు ఇవతలే..."

పైన అలికిడయ్యేసరికి కొంగపిల్ల తలెత్తింది. పైనుంచి పొడుగ్గా, పచ్చగా ఏదో తనవైపు దిగుతోంది. మేత తెచ్చిన తల్లి ముక్కు అనుకుంది. ఉన్న బలమంతా కూడదీసుకొని నోరు తెరిచి నక్ష కొనను కరిచిపట్టింది. లాగింది. మెడ ముడుచుకొని మింగబోయింది, పట్టు జారింది, మళ్లీ కరిచింది. కాగితం చిరిగింది. చెన్నరాయుడికి దాన్ని వెనక్కి లాక్కోవడానికి చెయ్యి రాలేదు.

"బాగుంది పెట్టుపోత" అంది ఓబుళమ్మ. "పురిటికొచ్చినదాని బిడ్డకు బాగా పెడితివి."

మద్దిలేటి తన కాగితాన్ని మెల్లగా వీపు వెనక్కి తీసుకుపోయాడు. చెన్నరాయుడు చిరిగిన అంచును చూస్తూ అలాగే వంగి ఉన్నాడు. తెల్లవారి వచ్చే గొడ్డలోళ్ల మాట ఎత్తడానికి ఆయనకు నోరు రాలేదు. చివరికి వాచరే అడిగాడు.

"సామీ, ఇంతకూ ఎవురి మాట ఖాయమైనట్టు?"

స్వామి గొడుగు ఓబుళమ్మ చేతికిచ్చి, మోకాళ్లు పట్టుకొని లేచాడు.

"చేతుల్లో ఉన్నవి ఈడ పెట్టి, ఇద్దరూ ఆ చెరువు బురదలోకి దిగండి. ఒక చేత్తో చేప చిక్కదు నాయనా."