గడిలో పట్టని పేర్లు

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు బుర్రకథలో హాస్యం చెప్పే యోహాను. తర్వాత మా ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి, ఇప్పటికీ లేవు. అయినా చెప్పింది నిజమే గనక చెబుతున్నాను.

చినగంజాం పక్కన వీరాస్వామిగారని బుర్రకథ గురువు. అడిగినదానికి నేరుగా బదులివ్వడం ఆయనకు అలవాటు లేదు. ఆయన దగ్గర పన్నెండేళ్ళు నేర్చిన మంగతాయారు, ఉప్పు పండించే కొఠారుల్లో పనిచేసే ఆడవాళ్ళ మీద కొత్త కథ కడుతోంది. తంబురా పట్టి కథ చెప్పేది ఆమె. అటు యోహాను, ఇటు శేషమ్మ, డక్కీలు వాయిస్తూ వంత. కొత్త కథలు కట్టేవాళ్ళకు ఆర్నెల్లు తిండికీ సాధనకూ గ్రాంటు ఇస్తామని పట్నం నుంచి దరఖాస్తు కాగితం వచ్చింది. నింపి మర్నాడు పోస్టులో వెయ్యాలి.

"గురువుగారూ, పేరు రాయడానికి గడి ఒకటే ఉంది. కథ కట్టింది నేను. నా ఒక్కదాని పేరే రాస్తే తప్పా?" అని అడిగింది తాయారు. వంతవాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు. శేషమ్మ తల వంచుకుని డక్కీ తాళ్ళు బిగించుకుంటోంది.

గురువుగారు వంతవాళ్ళ వైపు తిరిగి, "ఇవాళ మీరు వాయించండి. నోరు మాత్రం తెరవొద్దు," అన్నారు. తాయారును కథ ఎత్తుకోమన్నారు.

ఎత్తుకుంది. మంచి గొంతు, అది కాదనను. తందానా పడాల్సిన చోట డక్కీ ఒక్కటే మోగింది. అయినా లాక్కొచ్చింది. కొఠారు నుంచి ఆడమనిషి ఇల్లు చేరి పొయ్యి వెలిగించే ఘట్టం దగ్గర ఇక కదల్లేక ఆగిపోయింది. యోహాను తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, మాట ఆపుకోలేక గిలగిల్లాడుతున్నాడు.

"ఏమ్మా, ఆగావే?"

"ఇక్కడ యోహాను బాబాయి అడగాలి గదండీ."

"ఏమని అడగాలి?"

"ఏమో, రోజుకోటి అడుగుతాడు. మొన్న 'ఇంత ఉప్పు పండించే కొంపలో కూర చప్పగా ఏడిసిందేమే' అన్నాడు. దానికి బదులు చెప్పబోతేనే గదా కథలోకి షావుకారు వచ్చింది..." అంటూ తాయారు మాట మధ్యలో మానేసింది.

లేచి స్కేలు తెచ్చుకుని, కాగితం మీద తన గడి కింద ఇంకో రెండు గళ్ళు గీసింది.

యోహాను తువ్వాలు తీసేసి, "పెద్దాఫీసు కాగితం తల్లీ! మన చేత్తో గళ్ళు గీస్తే ఊరుకుంటారా? వచ్చేది కూడా పోద్ది," అన్నాడు.

"గ్రాంటు ఆగితే ఆగనీరా," అన్నారు గురువుగారు. "ఇందాక కథే ఆగింది, చూశావుగా."

గ్రాంటు వచ్చింది. ముగ్గురూ ఆర్నెల్లు కూచుని కథ పూర్తి చేసి, మొదట కొఠారుల దగ్గరే చెప్పారు. నేను విన్నాను, బాగుంది. మొన్న కళోత్సవానికి వేసిన పుస్తకంలో మాత్రం ఈ కథకు తాయారు పేరొక్కటే అచ్చేశారు. రాత వచ్చినవాళ్ళు ఎవరైనా ఆ పుస్తకం వాళ్ళకు రాసి, యోహాను, శేషమ్మ అని ఆ రెండు పేర్లు కూడా వేయించాలి.