బయట విడిచిన చెప్పులు

సైదులు మేస్త్రీ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు మొదటిరోజు మోటార్ల గురించి అడుగుతారు, లేదంటే జీతం గురించి అడుగుతారు. తిరుపతమ్మ బూట్ల గురించి అడిగింది. అడగక ఆమెకు తప్పలేదు. బూట్లు చూసి మేస్త్రీ సరేననేదాకా ప్యానెల్ రూములోకి ఎవర్నీ అడుగు పెట్టనివ్వడు.

చిలకలూరిపేట దగ్గర నూలు మిల్లు అది. మిల్లుకంతటికీ కరెంటు పంచే ఇనప బీరువాలన్నీ ఆ ఒక్క గదిలోనే ఉంటాయి. తిరుపతమ్మ ఐటీఐ పాసై, ఎలక్ట్రికల్ అప్రెంటిస్‌గా చేరింది. దసరా నాటికి ఆ గదిలోకి వెళ్ళగలిగినవాళ్ళనే మేస్త్రీ తన వెంట ఉంచుకుని పని నేర్పుతాడు. మిగతావాళ్ళు ఏడాదంతా ఫ్యాన్లకు పట్టిన దూది దులుపుతూ, ట్యూబులైట్లు మారుస్తూ గడపాలి. ఫ్యాన్లు దులపడానికి రెండేళ్ళ చదువెందుకని తిరుపతమ్మకు మొదటిరోజే దిగులు పట్టుకుంది.

"ఏ బూట్లు కొనుక్కోవాలి మేస్త్రీగారూ?"

"కొనుక్కురా, చూద్దాం."

"ఏవి కొనాలో మీరు చెబితే అవే తెస్తాను గదా."

"నే చెబితే నువ్వు తెచ్చేవి నా బూట్లవుతాయి. నీ కాళ్ళకెందుకవి?" అని మేస్త్రీ తన పనిలో పడ్డాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. టెస్టరు జేబులో ఉన్నంత పదిలంగా మాటలూ నోట్లోనే ఉంచుకుంటాడు.

పనిముట్ల గదిలో, మేస్త్రీ బల్లకు పైనున్న అరలో, పాత తోలుచెప్పుల జత ఒకటి ఉంది. ఎడమ మడమ బాగా అరిగిపోయి ఉంది. బల్లమీద దుమ్ముంది గానీ ఆ చెప్పుల మీద లేదు. తిరుపతమ్మకు కనబడిందల్లా అడగడం అలవాటు.

"అవి ఎవరివి మేస్త్రీగారూ?"

"మా గురువుగారివి. వీరాస్వామిగారని."

"ఎందుకు దాచారు?"

మేస్త్రీ చేతిలోని పటకారు బల్లమీద పెట్టాడు. "ఆయన అవి బయట విడిచి లోపలికెళ్ళాడు" అన్నాడు.

తిరుపతమ్మకు ఒళ్ళు పులకరించింది. గురుపాదుకలు అన్నమాట. హరికథల్లో విన్నదే తప్ప, ఈ రోజుల్లో, అదీ నూలు మిల్లులో, గురువు చెప్పుల్ని పూజించే శిష్యుడు ఉంటాడని ఆమె అనుకోలేదు. మర్నాడు పొద్దున్నే రెండు బంతిపూలు తెచ్చి ఆ చెప్పుల మీద పెట్టి దండం పెట్టుకుంది.

మధ్యాహ్నం అన్నం తిందామని కూర్చుంటే ఆ పూలు ఆమె క్యారేజీ మూతమీద ఉన్నాయి.

"వాటికి పూలొద్దు" అన్నాడు మేస్త్రీ.

"మరేం చెయ్యాలి?"

"చూస్తా ఉండు. చాలు."

చూడమన్నాడు కదా అని తిరుపతమ్మ రోజూ చూసేది. అరిగిన మడమ, తెగి కుట్టిన పట్టీ, అంతకంటే ఏం కనబడలేదు. మేస్త్రీ భక్తిలో ఏదో మర్మం ఉందని మాత్రం అనుకుంది.

ఆ వారమే నరసరావుపేట వెళ్ళి మొదటి జత కొనుక్కొచ్చింది. మిలటరీవాళ్ళవిలా నల్లగా, బరువుగా ఉన్నాయి. ముందు భాగంలో, వేళ్ళమీద, లోపల ఉక్కు టోపీ ఉందట. పైనుంచి మోటారు పడ్డా కాలికేమీ కాదని షాపతను తన కాలే అడ్డం పెట్టేంత ధీమాగా చెప్పాడు.

మేస్త్రీ ఆ బూట్లను తాకనైనా తాకలేదు. సొరుగులోంచి పాత రేడియో స్పీకరు అయస్కాంతం తీసి ఆమె చేతికిచ్చాడు. తిరుపతమ్మ దాన్ని బూటు ముందుకి తెచ్చింది. టక్కున అంటుకుంది.

"ఉక్కు లోపలుంది. పైన తోలుంది గదా మేస్త్రీగారూ?"

"ఇయ్యాల ఉంది."

తిరుపతమ్మ తన బూటు వంక చూసింది. నిచ్చెన మెట్లకు గీరుకుంటూ, యంత్రాల మూలలకు తగులుకుంటూ ఆ తోలు ఎన్నాళ్ళు ఉంటుందో ఆమెకే తోచింది. సాయంత్రం బస్సెక్కి వెళ్ళి ఆ జత వాపసిచ్చేసింది. షాపతను గొణిగాడు. కరెంటు పనికి ఉక్కు కాదు, ఫైబరు టోపీ ఉన్నవి కావాలనీ, అడుగున కరెంటు పనికని అచ్చు ఉండాలనీ, ఎక్కడా ఇనుము తగలకూడదనీ ఆమె చెప్పింది. అన్నీ ఉన్న జత దొరికింది గానీ మగవాళ్ళ సైజు. ఆడవాళ్ళు ఈ పని చేస్తారని బూట్లు కుట్టేవాళ్ళకు ఇంకా కబురందినట్టు లేదు. ఆమె కాలికి సరిపోయేది గుంటూరు నుంచి రావడానికి నాలుగు రోజులు పట్టింది.

ఈసారి బూట్లు ముందు ఇంటికెళ్ళాయి. అక్కడే వచ్చింది చిక్కు.

తిరుపతమ్మ తండ్రి ఏడుకొండలు పొగాకు బేళ్ళు మోసే హమాలీ. కూతురు బూట్లను తిప్పి, అడుగున మెత్తని రబ్బరును బొటనవేలితో నొక్కి చూశాడు. ఇంత మెత్తన అయితే నెల్లాళ్ళకే అరిగిపోతాయని ఆయనకు బెంగ పుట్టింది. కూతురు నిద్ర లేవకముందే వాటిని సంచిలో వేసుకుని, చెప్పులు కుట్టే మనిషి ఇంటికెళ్ళి, మడమలకు లాడాలు కొట్టించుకొచ్చాడు. తన కాలంలో మంచి బూటుకి ఎవరైనా చేసే మర్యాద అదే.

పొద్దున తిరుపతమ్మ హడావిడిగా వేసుకుని బయల్దేరింది. చప్పుడు సంగతి మిల్లు సిమెంటు నేలమీదికొచ్చాకే తెలిసింది. టక్, టక్, టక్.

మేస్త్రీ అటు తిరిగి వైరు ఒలుస్తున్నాడు. తల తిప్పకుండానే అడిగాడు.

"ఎవరది, గుర్రమా?"

తిరుపతమ్మ ఆగిపోయి ఒక కాలెత్తి చూసుకుంది. ఇనప లాడం, ఐదు మేకులు. మొహం మాడిపోయింది.

"మా నాన్న కొట్టించినట్టున్నాడు" అంది మెల్లగా. "అరిగిపోతాయని."

మేస్త్రీ నవ్వలేదు, కోప్పడలేదు. బూటు తీసుకుని మేకులు దిగిన చోటు వేలితో తడిమాడు. "పీకినా చిల్లులుంటాయి. ఇవి ఊళ్ళో తిరగడానికి వేసుకో" అన్నాడు. కాసేపటికి తనే మళ్ళీ అన్నాడు. "మీ నాన్నది ప్రేమమ్మా. కరెంటుకి ఆ సంగతి తెలవదు."

ఆ మాట తిరుపతమ్మ ఇంటికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. మూడో జతకు కూతురి వెంట ఆయనే బయల్దేరాడు. షాపులోకి అడుగుపెట్టీ పెట్టకముందే, "అయస్కాంతం ఉందా మీ దగ్గర?" అని అడిగాడు.

మూడో జతను మేస్త్రీ తిరగేసి, మరగేసి చూశాడు. అడుగును వంచాడు. అయస్కాంతం నాలుగు పక్కలా తిప్పాడు. ఆమెను బూట్లతో నిచ్చెన ఎక్కించి, దింపి, మడమ జారుతుందేమో చూశాడు. లోపల చెయ్యి పెట్టి తడుందేమోనని కూడా చూశాడు.

"ఇవి బూట్లు" అన్నాడు.

ఆ రెండు మాటలకు తిరుపతమ్మ కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆ వారం రోజులూ మిల్లులో ఆమెతో కలిసి చేరిన అప్రెంటిస్‌లకు బూట్ల విద్య బోధించింది. ఉక్కు టోపీ ఎందుకు వద్దో, తడిస్తే ఏమవుతుందో, అడుగు పగిలితే ఎప్పుడు పారెయ్యాలో గుక్క తిప్పుకోకుండా చెప్పేది. ఒకరోజు మేస్త్రీ వింటున్నాడని తెలిసి గొంతు ఇంకాస్త పెంచింది.

"బూట్ల గురించి ఇంక నేర్చుకునేదేమన్నా ఉందా మేస్త్రీగారూ?" అని అడిగింది, లేదంటాడన్న నమ్మకంతో.

మేస్త్రీ చూపు ఒకసారి పైఅర మీదికి పోయి వచ్చింది. "ఒకటుంది" అన్నాడు. అదేమిటో చెప్పలేదు.

మహర్నవమి వచ్చింది. మిల్లు ఆపేసి ఆయుధపూజ చేశారు. యంత్రాలకూ మోటార్లకూ మామిడాకులు కట్టారు. ప్యానెల్ రూములో, పూజకోసం బీరువాలన్నిటికీ తాళాలు వేసి, పెద్ద బీరువా మీద దుర్గమ్మ పటం పెట్టి, ఆడవాళ్ళు నేల కడిగి ముగ్గేశారు. ముగ్గు కోసం, కరెంటు కొట్టకుండా బీరువా ముందు పరిచి ఉండే రబ్బరు చాపను చుట్టి గోడకు నిలబెట్టారు. పటకార్లకు, స్క్రూడ్రైవర్లకు, చేతి తొడుగులకు, నిచ్చెనకు పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టారు. కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, ప్రసాదాలు పంచుకుని అందరూ వెళ్ళిపోయారు.

మిల్లు ఆగింది గానీ బయటి లైను ఆగలేదు. అది ఎప్పట్లాగే పెద్ద బీరువా దాకా వచ్చి నిలబడి ఉంది.

"రా అమ్మాయ్" అని మేస్త్రీ ఆ గదిలోంచి పిలిచాడు. "ఇయ్యాల మెయిన్ ప్యానెల్ చూపిస్తా."

ఇన్నాళ్ళూ ఎదురుచూసిన పిలుపు. తిరుపతమ్మ పరుగులాంటి నడకతో గుమ్మం దాకా వచ్చింది. ఎదురుగా అమ్మవారు. కింద ముగ్గు, చుట్టూ కొబ్బరినీళ్ళు. హారతి కర్పూరం వాసన ఇంకా పోలేదు.

వంగి, లేసులు విప్పింది. బూట్లు, మేజోళ్ళు తీసి, బూట్లు రెండూ గోడవారన బుద్ధిగా జతచేసి పెట్టింది. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ పసుపూ కుంకుమా కనబడ్డ ప్రతి గడప ముందూ ఆమె కాళ్ళు వాటంతటవే చెప్పులు విడిచాయి. కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని, వట్టి పాదం గడప మీదికెత్తింది.

"ఆగు."

మేస్త్రీ గొంతు అలా వణకడం ఆమె ఎన్నడూ వినలేదు. ఎత్తిన కాలు ఎత్తినట్టే వెనక్కి తీసుకుంది.

ఆయన బీరువా తాళంచెవి జేబులో వేసుకుని, బయటికొచ్చాడు. గోడవారనున్న బూట్ల జతను చూశాడు. చూస్తూ గడప మీదే కూలబడినట్టు కూర్చున్నాడు.

"మా గురువుగారూ అక్కడే విడిచాడు" అన్నాడు. "ఇదే గోడవార. ఇట్టాగే జతగా పెట్టి."

తిరుపతమ్మ పటం వైపు చూసింది. "పూజ రోజేనా?"

"పూజ రోజే. ముప్ఫయ్యేళ్ళయింది. ఆయనకు రానిదంటూ లేదు ఈ పనిలో." మేస్త్రీ కండువాతో మొహం తుడుచుకున్నాడు. "లోపల్నించి ఆయన్ని మేం మోసుకొచ్చాం. చెప్పులు తీసుకెళ్ళడానికి ఎవరికీ చేతులు రాలేదు. నేను తెచ్చుకున్నా."

రోజూ పొద్దున్నే చూసిన ఆ అరిగిన మడమ తిరుపతమ్మ కళ్ళముందు కనబడింది. దానిమీద తను పెట్టిన బంతిపూలూ గుర్తొచ్చాయి.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. అది అడగకపోతే ఆమె తిరుపతమ్మ కాదు.

"అమ్మవారి ముందుకి బూట్లతో ఎట్టా వచ్చేది మేస్త్రీగారూ?"

మేస్త్రీ లేచి లోపలికెళ్ళి, పటం ముందున్న పసుపు కుంకుమల పళ్ళెం తెచ్చాడు. మళ్ళీ గడప మీద కూర్చుని ఆమె కుడి బూటు ఒళ్ళోకి తీసుకున్నాడు. కండువా కొసతో దానిమీది దుమ్ము తుడిచి, ముందు భాగాన పసుపు రాసి, మధ్యలో కుంకుమబొట్టు పెట్టాడు. ఎడమ బూటుకీ అలాగే పెట్టాడు. బొట్లు చక్కగా కుదిరాయో లేదో దూరంగా పట్టుకుని చూసుకున్నాడు.

"అన్నిటికీ పెట్టారు" అన్నాడు. "వీటిని మర్చిపోయారు."

బూట్లు రెండూ ఆమె పాదాల ముందు పెట్టి, లోపలికెళ్ళిపోయాడు. గోడకు నిలబెట్టిన రబ్బరు చాప తీసి, ముగ్గు చెదురుతుందని కూడా చూడకుండా, బీరువా ముందు పరిచాడు. దానిమీద నిలబడి, అటు తిరిగి తాళం తియ్యబోయాడు.

తిరుపతమ్మ పాదాలు తడిలేకుండా తుడుచుకుంది. మేజోళ్ళు తొడుక్కుంది. బూట్లు వేసుకుని, లేసులు బిగించి ముడేసింది. వంగి రెండు బూట్లనూ వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంది. గడప దాటి, నాలుగడుగులు వేసి, చాప మీద ఆయన వెనక నిలబడింది.

మేస్త్రీ తల తిప్పకుండానే అడిగాడు.

"వచ్చావా?"

"వచ్చాను మేస్త్రీగారూ."

"చప్పుడు వినబడలా" అన్నాడు ఆయన, తాళం తీస్తూ.