గంగమ్మకు అడ్డుగంగమ్మ అని పేరు వచ్చిన కథ

దగ్గరికి జరగండి పిల్లలూ, చాప మీద సర్దుకుని కూర్చోండి. వెనకవాళ్ళకూ వినబడాలి.

మన ఎర్రబోడు గుట్ట మీది బిజినెస్ స్కూలు చూశారు కదా. దాని పెద్ద క్లాసుగది నడుమ, బల్లల మధ్య, పసుపు పూసిన రాయి ఒకటి ఉంటుంది. పాఠం చెప్పేవారు ఆ రాతిని చుట్టి నడవవలసిందే. ఆ తల్లే అడ్డుగంగమ్మ.

పూర్వం ఇక్కడ బోడంతా గొల్లల మేతబీడు. ఆ రాయి వారి గంగమ్మ. డిగ్రీ చదివినవారికి వ్యాపారం నేర్పే కాలేజీ పెడతానని శేషాచలపతి గారు వచ్చి స్థలం అడిగారు. అమ్మను కదపనని, గొల్లల రాకపోకలకు అడ్డు చెప్పనని రాతిమీద చెయ్యివేసి ప్రమాణం చేశారు. ఆ మాట నమ్మి బీడు ఇచ్చేశారు మనవాళ్ళు.

ఏడాది తిరగకముందే ఆయనకు గది చాలలేదు. గది పెంచాలంటే వాకిట్లో ఉన్న రాయిని తీయించాలి. ఆ మాట తాను అనలేక ఏం చేశారో తెలుసా? విద్యార్థులకు పాఠంగా ఇచ్చారు! "ఈ గదిని పెంచడం ఎలా?" అని. పాపం, ప్రమాణం సంగతి ఆ పిల్లలకేం తెలుసు?

దీపం పెట్టడానికి వచ్చిన గొల్లల పెద్దామె కాటమ్మ, లోపల గంగమ్మ పేరు వినబడి గుమ్మంలో నిలబడింది. బోర్డు మీదా అదే పేరు.

"బోర్డు మీద మా అమ్మ పేరు దేనికి రాశారే?" అని ముందు బల్ల మీది ప్రవీణ అనే అమ్మాయిని అడిగింది.

"రాయిని గేటు పక్కకు జరపాలని, అవ్వా."

"లాభంలో రాశారా, నష్టంలోనా?"

"అడ్డంకుల్లో."

"మరి మేము?"

"మీరూ అందులోనే, అవ్వా."

స్థలం ఇచ్చినవాళ్ళు అడ్డంకులా! ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

కాటమ్మ పాఠం చెబుతున్న శేషాచలపతి గారి వైపు తిరిగింది. "చెయ్యివేసి ఏమన్నావో ఈ బిడ్డలకు చెప్పావా నాయనా?"

ప్రవీణ గబగబా బోర్డు తుడవబోయింది.

"తుడవకే తల్లీ. అడ్డమైతే అడ్డమే" అని కాటమ్మ వాకిట్లోకి పోయి రాయి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. విద్యార్థులంతా లేచి వచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు. రాయిని తీయడానికి గునపాలతో వచ్చినవారు వెనక్కి పోయారు. చివరికి రాతి చుట్టూనే గది కట్టారు.

అమ్మ శేషాచలపతి గారి కలలో కనబడి, తనను కదపవద్దని ఆజ్ఞాపించిందని కాలేజీవారు పుస్తకం అచ్చువేశారు. కలా? పట్టపగలు, అందరి ముందూ, కాటమ్మ అడిగింది!

నాటినుంచి ఏటా మొదటి పాఠం నాడు, గొల్లల సాక్షిగా, కాలేజీ డైరెక్టరు రాతిమీద చెయ్యివేసి ఆ ప్రమాణం పైకి చెబుతారు. విన్నవారి వ్యాపారం చల్లగా ఉంటుందని నమ్మకం. రేపే ఆ రోజు. ఈసారి కాలేజీ గుర్తింపు కార్డు లేనివారిని గేటు దాటనివ్వరట! గంగమ్మను చూడడానికి కార్డా?

పొద్దున్నే అందరం పెద్ద గేటు దగ్గరికే పోదాం. మీరెవరని వాచ్‌మన్ అడిగితే "అడ్డంకులం" అని చెప్పండి.

ఇక లేవండి, ఇళ్ళకు పోయి అన్నాలు తినండి. కడుపునిండా తినండి. రేపు చాలాసేపు నిలబడవలసి రావచ్చు.